బొమ్మ అసలు కొలత – ఒక చిన్న ప్రశ్న చరిత్ర

తెర మీద కనబడే ప్రతి బొమ్మకూ రెండు కొలతలుంటాయి. మొదటిది దాని పుట్టుకొలత. అంటే ఫైలులో అడ్డంగా ఎన్ని పిక్సెళ్ళు, నిలువుగా ఎన్ని పిక్సెళ్ళు ఉన్నాయన్నది. రెండవది తెరకొలత. పుటను రాసినవారు ఆ బొమ్మకు ఎంత చోటిచ్చారన్నది. 1600 పిక్సెళ్ళ వెడల్పున్న ఛాయాచిత్రాన్ని 400 పిక్సెళ్ళ చోటులో కుదించి కూర్చోబెట్టవచ్చు. 100 పిక్సెళ్ళ బొమ్మను సాగదీసి అదే 400 పిక్సెళ్ళ చోటును నింపవచ్చు. చూసేవారికి రెండూ ఒకే వెడల్పు. కానీ ఒకదానిలో కంటికి కనబడనిది ఎంతో దాగి ఉంది. రెండవదానిలో లేనిది ఉన్నట్టు కనబడుతోంది.

"ఈ బొమ్మ అసలు కొలత ఎంత?" అని బ్రౌజరులో నడిచే స్క్రిప్టు చేత అడిగించడం నేడు ఒక్క పంక్తి పని. ఆ ఒక్క పంక్తి వెనుక 1993 నుంచి సాగివచ్చిన చరిత్ర ఉంది. దానిని వరుసగా పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. కొలత మొదటినుంచీ బొమ్మలోనే రాసి ఉంది. తగవల్లా దానిని ఎవరు, ఎప్పుడు, ఎవరికి చెప్పాలన్నదే. ఆ తగవులో నష్టపోయినవాడు ప్రతిసారీ చదువరే. ఈ వ్యాసం ఉద్దేశం ఆ సంగతిని వివరించడమే.

కొలత చెప్పని ట్యాగు

1993 ఫిబ్రవరి 25న మార్క్ ఆండ్రీసన్ వెబ్ నిర్మాతలు ఉత్తరప్రత్యుత్తరాలు జరుపుకునే జాబితాకు ఒక ప్రతిపాదన పంపాడు. అప్పటికి ఆయన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏలో మొజాయిక్ అనే బ్రౌజరును తయారుచేస్తున్నాడు. అక్షరాల నడుమ బొమ్మను చూపడానికి 'ఇమ్‌జి' అనే కొత్త ట్యాగు కావాలని, అందులో 'ఎస్ఆర్‌సి' అనే గుణం బొమ్మ చిరునామాను తెలుపుతుందని ఆ ప్రతిపాదన సారాంశం. ఇంకా విశాలమైన, అన్నిరకాల మాధ్యమాలకూ పనికివచ్చే ఏర్పాటు కావాలని జాబితాలో ఇతరులు వాదించారు. వాదం ఒక కొలిక్కి రాకమునుపే మొజాయిక్ ఆ ట్యాగుతో వెలువడింది. నేటికీ మనం వాడుతున్నది దానినే.

ఆ తొలి ప్రతిపాదనలో బొమ్మ ఎక్కడుందో చెప్పే వీలుంది కాని, ఎంత ఉందో చెప్పే వీలు లేదు. అప్పట్లో అదొక లోపంగా తోచలేదు. మొజాయిక్ తొలి రూపాలు పుటలోని బొమ్మలన్నీ చేరేదాకా ఆగి, ఆ తరువాతనే పుటను చూపించేవి. అన్నీ చేతికందిన తరువాత కొలతలు తెలియకపోవడమన్న ప్రశ్నే లేదు. ఆగి ఉండవలసినవాడు మాత్రం చదువరి.

ఆ ఆగడం ఎంతసేపో లెక్క వేసి చూడవచ్చు. క్షణానికి 28,800 బిట్లు మోసే మోడెము మీద 60 కిలోబైట్ల బొమ్మ ఒక్కటి రావడానికి, ఏ ఆటంకమూ లేకపోతే, 17 క్షణాలు పడుతుంది. పుటలో అలాంటివి నాలుగుంటే నిమిషం దాటుతుంది. అంతసేపూ తెర ఖాళీగా ఉంటుంది.

1994 డిసెంబరులో వెలువడిన నెట్‌స్కేప్ నావిగేటర్ 1.0 ఈ పద్ధతిని మార్చింది. అందిన అక్షరాలను అందినట్టే చూపడం మొదలుపెట్టింది. అప్పుడు కొత్త చిక్కు వచ్చిపడింది. బొమ్మ ఎంత చోటు తీసుకుంటుందో తెలియకుండా దాని కింది పేరాను ఎక్కడ పేర్చాలి? బొమ్మ మొదటి బైట్లు అందేదాకా ఆగాలి, లేదా ముందు పేర్చి, బొమ్మ వచ్చాక అక్షరాలను కిందికి తోయాలి. దీనికి నెట్‌స్కేప్ ఇచ్చిన పరిష్కారం 'విడ్త్', 'హైట్' అనే రెండు గుణాలు. పుటను రాసేవారే బొమ్మ వెడల్పును, ఎత్తును ముందుగా ట్యాగులో చెబితే, బ్రౌజరు అంత చోటు విడిచిపెట్టి ముందుకు సాగుతుంది. 1995 నవంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంలో ఈ గుణాలు లేవు. 1997 జనవరి నాటి హెచ్‌టీఎంఎల్ 3.2లోనే వాటికి అధికారికంగా స్థానం దొరికింది. అప్పటికే అవి లోకమంతా వాడుకలో ఉన్నాయి.

ఐతే ఈ ఏర్పాటుతో ఒక ద్వంద్వం పుట్టింది. రాసేవారు చెప్పిన కొలత బొమ్మ పుట్టుకొలతతో సరిపోనక్కరలేదు. రెండూ వేరైతే బ్రౌజరు రాసేవారి మాటనే మన్నించి బొమ్మను సాగదీస్తుంది, లేదా కుదిస్తుంది. తెరకొలత, పుట్టుకొలత అనే రెండు మాటలు అవసరమైనది ఇక్కడే.

అక్షరమే బొమ్మ అయిన కాలం

ఈ ద్వంద్వం తెలుగువారికి మరింత దగ్గరగా తగిలింది. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. కానీ 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చేదాకా సామాన్యుల కంప్యూటర్లలో తెలుగు యూనికోడు సరిగా కనబడడం అరుదు. ఆ నడిమి కాలంలో ఒక్కొక్క సైటుకు ఒక్కొక్క ఫాంటు. ఫాంటు దించుకోవడం ఇష్టంలేని చదువరుల కోసం పద్యాన్నో, వ్యాసాన్నో బొమ్మగా మార్చి పుటలో పెట్టినవారున్నారు.

అక్షరం బొమ్మ అయినప్పుడు పుట్టుకొలత ప్రాణప్రదమవుతుంది. ఆనాటి బ్రౌజర్లు బొమ్మను కుదించే తీరు మోటుగా ఉండేది. నడుమ నడుమ కొన్ని పిక్సెళ్ళ వరుసలను వదిలివేసి మిగిలినవాటిని దగ్గరకు చేర్చేవి. ఆంగ్లాక్షరం ఆ దెబ్బను కొంతవరకు తట్టుకోగలదు. తెలుగు లిపిలో గుడికీ గుడిదీర్ఘానికీ ఉన్న తేడా ఒక చిన్న మెలిక. పకారాన్ని షకారం నుంచి, వకారాన్ని మకారం నుంచి వేరుచేసేదీ చిన్న గీతే. ఒత్తులు పంక్తి కింద సన్నగా ఒదిగి ఉంటాయి. వదిలివేసిన వరుస ఆ మెలిక మీద పడితే మాటే మారిపోతుంది. అలాంటి బొమ్మను దాని పుట్టుకొలతలోనే చూపాలి. చూపుతున్నామో లేదో తెలియాలంటే, పుట్టుకొలత ఎంతో ముందు తెలియాలి.

స్క్రిప్టు అడగడం నేర్చుకున్నది

బ్రెండన్ ఐక్ 1995 మే నెలలో నెట్‌స్కేప్ సంస్థలో పది రోజులలో తొలి రూపం దిద్దిన భాష జావాస్క్రిప్టు. అది 1996 మార్చిలో నావిగేటర్ 2.0తో జనానికి చేరింది. అందులో ఫారాలను, లంకెలను పలకరించే వీలుంది. బొమ్మలను పలకరించే వీలు లేదు. 1996 ఆగస్టులో వచ్చిన నావిగేటర్ 3.0 ఆ కొరత తీర్చింది. అందులోని జావాస్క్రిప్టు 1.1 పుటలోని బొమ్మలన్నిటినీ 'డాక్యుమెంట్.ఇమేజెస్' అనే వరుసలో అందించింది. దానితోపాటు పుటలో లేని బొమ్మను కూడా స్క్రిప్టు తానే కల్పించుకోవడానికి 'ఇమేజ్' అనే వస్తువును ఇచ్చింది.

దాని ముఖ్య ప్రయోజనం వేరు. మౌసు తగలగానే బొత్తాము రంగు మారాలంటే, రెండవ బొమ్మను ముందే తెచ్చి పెట్టుకోవాలి. అందుకోసం వచ్చిన వస్తువది. కాని దానిలో ఒక విశేషముంది. పుటలో ఉన్న బొమ్మను వెడల్పు అడిగితే తెరకొలత చెబుతుంది. పుటలో లేకుండా స్క్రిప్టు కల్పించిన బొమ్మకు తెర మీద చోటే లేదు, కనుక అది పుట్టుకొలత చెబుతుంది. నెట్‌స్కేప్ వారి సూచికలోనే ఈ భేదం రాసి ఉంది. పదిహేనేళ్ళపాటు లోకం వాడుకున్న ఉపాయానికి మూలం ఇదే. పుటలోని బొమ్మ చిరునామాను తీసుకోవాలి, అదే చిరునామాతో తెర చాటున ఇంకొక బొమ్మను కల్పించాలి, దానిని కొలత అడగాలి. మొదటి బొమ్మ కోసం వచ్చిన ప్రతిని బ్రౌజరు తన వద్ద దాచి ఉంచుకుంటుంది కాబట్టి, సాధారణంగా రెండవసారి సర్వరు దాకా పోవలసిన పని ఉండదు.

అదే నెలలో విడుదలైన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3కు విండోస్ మీద ఈ వస్తువు తెలియదు. 1997లో నాలుగవ రూపం వచ్చేదాకా స్క్రిప్టులు రాసేవారు మొదటి పంక్తిలోనే "డాక్యుమెంట్.ఇమేజెస్ ఉందా?" అని అడిగి, ఉంటేనే ముందుకు సాగేవారు. ఆ తరువాత ఎంతోకాలం, అవసరం తీరిపోయినా, ఆ పంక్తి ఆచారంలా స్క్రిప్టులలో నిలిచిపోయింది.

ఈ ఉపాయంలో చిక్కులు లేకపోలేదు. బొమ్మను కల్పించిన మరుక్షణమే కొలత అడిగితే సున్నా వస్తుంది. ఇంకా ఏమీ రాలేదు కనుక. 'ఆన్‌లోడ్' అనే కబురు అందేదాకా ఆగి, అప్పుడు అడగాలి. ఇక్కడ కూడా క్రమం తప్పకూడదు. ముందు కబురు కోసం ఏర్పాటు చేసుకుని, తరువాతనే బొమ్మకు చిరునామా ఇవ్వాలి. తలకిందులుగా చేస్తే, బొమ్మ అప్పటికే బ్రౌజరు వద్ద సిద్ధంగా ఉన్న పక్షంలో, పాత ఎక్స్‌ప్లోరర్లలో కబురు ముందే వచ్చి వెళ్ళిపోయేది. స్క్రిప్టు ఎప్పటికీ రాని కబురు కోసం ఎదురుచూస్తూ కూర్చునేది.

చిత్రమేమిటంటే, ఇంత నిరీక్షణ నిజానికి అవసరం లేదు. 1987లో కాంప్యుసర్వ్ వారు తెచ్చిన జిఫ్ ఫైలులో ఆరు బైట్ల సంతకం అవగానే రెండు బైట్లలో వెడల్పు, రెండు బైట్లలో ఎత్తు ఉంటాయి. మొదటి పది బైట్లతో కొలత తేలిపోతుంది. 1996లో ప్రమాణమైన పీఎన్‌జీలో ఎనిమిది బైట్ల సంతకం తరువాత వచ్చే తొలి ఖండంలోనే కొలతలుంటాయి. 24 బైట్లు చాలు. జేపెగ్‌లో మాత్రం చోటు ఇదీ అని నిర్ణయం లేదు. ఖండాలను ఒక్కొక్కటిగా దాటుకుంటూ పోవాలి. ఐనా అదీ అసలు చిత్రం మొదలవడానికి ముందే దొరుకుతుంది. అంటే 60 కిలోబైట్ల బొమ్మలో తొలి పిడికెడు బైట్లు అందగానే బ్రౌజరుకు కొలత తెలుసు. తెలిసినా స్క్రిప్టుకు కబురు పంపేది మొత్తం అందాకనే. ఓపిక పట్టలేనివారు గడియారం పెట్టి, కొలత సున్నా దాటిందా అని మాటిమాటికీ అడిగి చూసే స్క్రిప్టులు రాశారు. ఆ తొందరకు ఫలితం దక్కేది కూడా.

2005లో లోకేశ్ ధాకర్ రాసిన లైట్‌బాక్స్ ఈ ఉపాయాన్ని ఇంటింటికీ చేర్చింది. చిన్న బొమ్మను నొక్కితే పుట చీకటిపడి, నడుమ తెల్లని చట్రంలో పెద్ద బొమ్మ తెరుచుకునే ఆ స్క్రిప్టును ఆనాటి బ్లాగరులలో చాలామంది చూసే ఉంటారు. చట్రం సరిగ్గా బొమ్మంత ఉండాలంటే బొమ్మ కొలత ముందు తెలియాలి. అందుకు లైట్‌బాక్స్ చేసినదీ తెర చాటున ఇమేజ్‌ను కల్పించి అడగడమే.

పుట్టుకొలతకు ఒక పేరు

ఉపాయంతో పనిలేకుండా బొమ్మనే సూటిగా అడిగే వీలు మొజిల్లా శాఖలో వచ్చింది. 'నేచురల్‌విడ్త్', 'నేచురల్‌హైట్' అనేవి ఆ ధర్మాల పేర్లు. 2004 నవంబరులో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 1.0లో అవి ఉన్నాయి. కాని అప్పటికి ఏలుబడిలో ఉన్న ఎక్స్‌ప్లోరర్ 6కు అవి తెలియవు. పైగా ఆ బ్రౌజరే, బొమ్మను విడిగా తెరిస్తే కిటికీలో పట్టేలా తానే కుదించి చూపించేది. చూసేవాడు అదే అసలు కొలత అనుకోవడానికి అవకాశం ఎక్కువ. 2011 మార్చిలో ఎక్స్‌ప్లోరర్ 9 వచ్చాక గాని ఆ సంస్థ బ్రౌజరు ఈ రెండు పేర్లను గుర్తించలేదు. 2014 అక్టోబరు 28న ప్రమాణంగా వెలువడిన హెచ్‌టీఎంఎల్ 5లో వీటికి స్థానం దక్కింది.

దీనితో ఒక అనుబంధ ప్రయోజనమూ సిద్ధించింది. బొమ్మ రాక ముగిసిందని బ్రౌజరు చెబుతూ, పుట్టుకొలత మాత్రం సున్నా అని చెబితే, సాధారణంగా ఆ బొమ్మ చెడిపోయిందనో, చిరునామాలో లేదనో అర్థం. పాత పుటల్లో తెగిపోయిన బొమ్మలను వెదకి పట్టుకోవడానికి ఇది మంచి సాధనమైంది.

పేరు మిగిలి అర్థం మారిన వైనం

కథ ఇక్కడితో ముగియలేదు. 2010 జూనులో ఐఫోన్ 4 వచ్చింది. దాని తెరలో పుట లెక్కలో ఒక పిక్సెలు చోటులో అసలు పిక్సెళ్ళు అడ్డంగా రెండు, నిలువుగా రెండు. అలాంటి తెరలకు పెద్ద బొమ్మను, మామూలు తెరలకు చిన్న బొమ్మను పంపడానికి 'ఎస్ఆర్‌సి‌సెట్' అనే గుణం వచ్చి, 2014 నుంచి బ్రౌజర్లలో స్థిరపడసాగింది. దానితో పుట్టుకొలతకు కొత్త భాష్యం పుట్టింది. 800 పిక్సెళ్ళ ఫైలును రెట్టింపు సాంద్రత గల బొమ్మగా పేర్కొంటే, నేచురల్‌విడ్త్ 400 అని చెబుతుంది. 1600 పిక్సెళ్ళ ఫైలును పేర్కొని, దానికి చోటు 400 అని పుటలో రాస్తే, అప్పుడూ వచ్చే జవాబు 400. ఫైలును అడిగిన ప్రశ్నకు పుటను రాసినవారి మాటే జవాబుగా తిరిగి వస్తున్నదన్నమాట.

2020లో ఇంకొక మార్పు జరిగింది. చేతిఫోనును నిలువుగా పట్టుకుని తీసిన ఫోటోను చాలా ఫోనులు అడ్డంగానే దాచి, "దీనిని తిప్పి చూపవలెను" అని ఎగ్జిఫ్ గుర్తు తగిలిస్తాయి. అంతకుముందు పుటలో పెట్టిన బొమ్మల విషయంలో చాలా బ్రౌజర్లు ఆ గుర్తును పట్టించుకునేవి కావు. ఆ ఏడాది క్రోమ్ 81 మొదలుకొని ప్రధాన బ్రౌజర్లు తమంతట తామే తిప్పి చూపసాగాయి. దానితోపాటు నేచురల్‌విడ్త్, నేచురల్‌హైట్ కూడా స్థానాలు మార్చుకున్నాయి. ఫైలులో రాసి ఉన్న వెడల్పు ఇప్పుడు ఎత్తుగా వినబడుతుంది.

కనుక నేడు ఫైలులోని అసలు సంఖ్యలే కావలసినవారికి ఆ రెండు ధర్మాలు మాత్రమే చాలవు. ఎస్ఆర్‌సి‌సెట్ లేకుండా ఒట్టి చిరునామాతో తెర చాటున బొమ్మను కల్పించే 1996 నాటి ఉపాయమే సాంద్రత చిక్కును విడదీస్తుంది. తిప్పుడు గుర్తును కూడా దాటిపోవాలంటే, బైట్లను స్వయంగా చదువుకోవడమే తిన్నని మార్గం.

మళ్ళీ మొదటికి

ఇక ట్యాగులోని విడ్త్, హైట్‌ల సంగతి. 2010 మే 25న ఈథన్ మార్కాట్ ఏ లిస్ట్ అపార్ట్ పత్రికలో రాసిన వ్యాసం, ఏ తెరకు తగినట్టు ఆ తెరకు ఒదిగే పుటలను ప్రతిపాదించింది. బొమ్మ తన చోటు దాటకుండా వెడల్పుకు నూరు శాతం హద్దు పెట్టడం అందులో ఒక భాగం. వెడల్పు తెరను బట్టి మారేటప్పుడు ట్యాగులో స్థిరమైన కొలతలెందుకని, చాలామంది వాటిని తీసివేశారు. ఫలితంగా 1994 నాటి జబ్బు తిరగబెట్టింది. చదువుతున్న పేరా ఉన్నట్టుండి కిందికి దూకుతుంది. నొక్కబోయిన లంకె వేలికింద నుంచి జారిపోతుంది. మోడెము పోయి చేతిఫోను వచ్చింది, చదువరి కష్టం మాత్రం అదే.

దీనికి విరుగుడుగా 2019 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ 71, క్రోమ్ 79 ఒక చక్కని మార్గం తెచ్చాయి. ట్యాగులో రాసిన రెండు సంఖ్యల నుంచి బ్రౌజరు ముందుగా నిష్పత్తిని గ్రహిస్తుంది. 1600, 1200 అని రాస్తే నాలుగింట మూడు. తెర ఎంత ఇరుకైనా, ఆ నిష్పత్తి ప్రకారం ఎత్తు లెక్కగట్టి, బొమ్మలో ఒక్క బైటు రాకముందే చోటు సిద్ధం చేస్తుంది. 2020 మేలో గూగుల్ పుటల నాణ్యతకు పెట్టిన కొలమానాలలో ఇలాంటి కుదుపుల లెక్క కూడా ఒకటి. అది 0.1 దాటకుండా ఉంటే మేలని నిర్ణయం. పాతికేళ్ళు తిరిగి, రాసేవారే కొలత ముందు చెప్పడమన్న మర్యాద మళ్ళీ చోటు సంపాదించుకుంది.

ఈ చరిత్ర నుంచి గ్రహించవలసినవి రెండు. మొదటిది, పుటలో బొమ్మ పెట్టేవారు దాని కొలతలు కనుక్కుని ట్యాగులో రాయడం. అది అలంకారం కాదు, అప్పటికే చదవడం మొదలుపెట్టినవారి పట్ల మర్యాద. రెండవది, పాత పత్రికల పుటలను, శాసనాల ఛాయలను, చేతిరాతలను జాలంలో పెట్టేవారికీ చూసేవారికీ సంబంధించినది. తెర మీది వెడల్పును చూసి ఇంతే ఉందనుకోరాదు. పుట్టుకొలత అడిగి చూస్తే, దాగి ఉన్న పెద్ద బొమ్మ బయటపడవచ్చు, లేదా సాగదీసిన చిన్న బొమ్మ గుట్టు తెలియవచ్చు.

ఐతే ఆ జవాబుకూ ఒక హద్దుంది. స్క్రిప్టు చెప్పగలిగేది ఫైలు పుట్టుక గురించే, బొమ్మకు మూలమైన కాగితం గురించి కాదు. 2400 పిక్సెళ్ళ ప్రతిని 600కు తగ్గించి దాచి, మొదటిదానిని పారవేస్తే, ఆపైన ఎవరు ఎన్నిసార్లు అడిగినా 600 అనే వస్తుంది. ఆ 600నే మళ్ళీ 2400కు పెంచి దాస్తే 2400 అని కూడా వస్తుంది. పోయిన అక్షరపు మెలిక మాత్రం తిరిగి రాదు. అందుచేత చిన్న ప్రతిని పుటలో పెట్టండి, పెద్ద ప్రతికి లంకె ఇవ్వండి, మూల ప్రతిని ఎన్నడూ చెరపకండి. ముందుముందు ఏ బ్రౌజరు ఏ పేరుతో కొలత అడిగినా, నిజమైన జవాబు చెప్పగలిగేది ఆ ఒక్క ఫైలే.